బండి కబుర్లు: టూ వీల్ డ్రైవ్ క్యాంపర్‌తో ఇసుక దారిలోకి దిగొచ్చా?

ఈ నెల ఉత్తరాలు చాలావరకు క్యాంపర్ వ్యాన్ల మీదే వచ్చాయి. పాత టెంపో ట్రావెలర్, ఈకో, వింగర్ ఏదో ఒకటి కొనుక్కుని వెనక సీట్లు పీకించి మంచం, స్టవ్వు, నీళ్ల ట్యాంకు పెట్టించుకుంటున్న వాళ్లు వైజాగ్‌లో బాగానే ఉన్నారని తెలుస్తోంది, చాలా సంతోషం. అడిగేవి మాత్రం దాదాపు ఒకటే, రోడ్డు అయిపోయాక ఏం చెయ్యాలి అని. అందుకే ఈసారి మైలేజీ ప్రశ్నలు, ఇన్సూరెన్స్ ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: నమస్తే సార్. మాది మురళీనగర్. సెకండ్ హ్యాండ్ టెంపో ట్రావెలర్ తీసుకుని క్యాంపర్‌లా చేయించుకున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. తంతడి, పూడిమడక, రేవుపోలవరం వైపు సరుగుడు తోటల్లోంచి పోయే ఇసుక బాటల్లోకి వెళ్లి ఒక పూట ఉండి రావాలని ఆశ. మా బావగారేమో ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే బండి) లేకుండా అటు దిగితే ట్రాక్టర్ పెట్టి లాగించుకోవడమే అంటున్నారు. ఇది అమ్మేసి వేరే బండి చూడమంటారా?

జవాబు: అమ్మకండి. మీ బావగారి భయంలో తప్పులేదు గానీ ఇసుకలో బండి దిగబడిపోవడానికి మొదటి కారణం ఎన్ని చక్రాలకి పవర్ వెళ్తోంది అన్నది కాదు, ఒక్కో చక్రం ఇసుకని ఎంత గట్టిగా నొక్కుతోంది అన్నది. ఫోర్ బై ఫోర్ అయినా సరే రోడ్డు మీద ఉన్నంత గాలి టైర్లలో పెట్టుకుని పొడి ఇసుకలోకి పోతే కూరుకుపోతుంది, కాకపోతే ఇంకాస్త లోపలికి వెళ్లి మరీ కూరుకుపోతుంది, అప్పుడు బయటకి లాగడం ఇంకా కష్టం.

చిన్న లెక్క చూడండి. ఒక చక్రం మీద 600 కిలోల బరువు పడుతోంది అనుకుందాం. టైర్లో 60 పీఎస్ఐ గాలి ఉంటే అది చదరపు సెంటీమీటరుకి సుమారు 4.2 కిలోలు, అంటే ఆ బరువంతా మోసే టైరు భాగం దాదాపు 140 చదరపు సెంటీమీటర్లు, వేళ్లతో సహా అరచేయి అంత. గాలి 30కి దించితే అదే భాగం రెండింతలు అవుతుంది, టైరు గోడ గట్టిదనం వల్ల ఈ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ విషయం ఇదే. టైరు పక్కలకి ఉబ్బినట్టు మనకి కనిపిస్తుంది కానీ నేలకి ఆనే భాగం ఎక్కువగా పెరిగేది పొడవులో, అందుకే చక్రం ఇసుకని ముందుకి తోసుకుంటూ పోకుండా దాని మీదకి ఎక్కి నడుస్తుంది.

ఎంత దించాలి అంటే, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకె చూసుకోండి, పొడి ఇసుకకి దానిలో సగం దాకా రావచ్చు, మొదట మూడో వంతు తగ్గించి చూడండి, అది చాలకపోతే ఇంకాస్త. మీ బండికి వెనక జంట టైర్లు ఉంటే మాత్రం జాగ్రత్త, గాలి బాగా దిగితే లోపలి టైరు, బయటి టైరు ఒకదానికొకటి రాసుకుంటాయి, ఆ రాపిడికి గోడలు వేడెక్కి పాడవుతాయి, కాబట్టి దించాక కిందకి వంగి ఆ రెండింటి మధ్య వేలు దూరేంత సందు ఉందో లేదో చూసుకోవాలి. ఇంకో సంగతి, జంట టైర్ల బండికి వెనక చక్రాలు ముందు చక్రాల జాడలోనే నడవవు, కొత్త ఇసుకని తొక్కుతాయి, అందుకే కాస్త బరువుగా లాగుతుంది, భయపడక్కర్లేదు.

గాలి దించాక స్పీడు గంటకి 20, 25 దాటొద్దు, స్టీరింగ్ గట్టిగా తిప్పొద్దు, తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చేస్తుంది. తార్రోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి నింపుకోవాల్సిందే, తక్కువ గాలితో స్పీడుగా పోతే టైరు లోపల వేడి పుట్టి పేలుతుంది, మన ఎండలకి ఇంకా త్వరగా. 12 వోల్టుల కంప్రెసర్ ఒకటి కొనుక్కోండి, సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టేది పెద్ద టైర్లకి చాలదు, నేరుగా బ్యాటరీకి క్లిప్పులు తగిలించేది తీసుకోండి, రెండు టైర్లు నింపాక దాన్ని కాసేపు చల్లారనివ్వండి. లేదంటే అచ్యుతాపురం జంక్షన్ దాకా మెల్లగా వచ్చి పంక్చర్ షాపులో కొట్టించుకోవడమే.

బరువు సంగతి కూడా. లీటరు నీళ్లంటే కిలో, 100 లీటర్ల ట్యాంకు నిండా నింపుకుని బయల్దేరితే ఇంకో పెద్ద మనిషిని, ఇంకో పిల్లాడిని ఎక్కించుకున్నట్టే. తాగడానికి సరిపడా ఉంచుకుని మిగతావి దారి దాటాక ఊళ్లో నింపుకోండి. మీది వెనక చక్రాలు లాగే బండి కాబట్టి బరువులు వెనక యాక్సిల్ మీద పడేలా సర్దితే పట్టు పెరుగుతుంది, కానీ యాక్సిల్ దాటి మరీ తోక దగ్గర పెడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ మాట వినదు, అదీ చూసుకోవాలి.

ఇక దిగే ముందు నడవండి. ఇది నేను ఎంత చెప్పినా తక్కువే. బండి ఆపి, దిగి, వెళ్లాలనుకున్న చోటు దాకా చెప్పుల్లేకుండా నడిచి రండి, మడమ గట్టిగా నొక్కి చూడండి, చీలమండ దాకా దిగిపోయే చోట మీ బండికి పని లేదు. ఎక్కడ తిప్పుకుంటారో కూడా అప్పుడే చూసుకోండి, తిప్పుకునే చోటు కనపడకపోతే దిగొద్దు. పొద్దున్నే తేమ ఉంటుంది కాబట్టి ఇసుక గట్టిగా ఉంటుంది, మిట్టమధ్యాహ్నానికి అదే ఇసుక ఎండిపోయి జారుతుంది, పొద్దున వచ్చిన దారే కదా అని ఎండలో ధీమాగా తిరిగి వెళ్లడం కుదరదు.

సరుగుడు తోటల్లో ఒక ప్రమాదం ఉంది, పైనుంచి కనపడదు. రాలిన సరుగు మెత్తగా పరిచినట్టు ఉంటుంది, చక్రానికి పట్టు కూడా ఇస్తుంది, కానీ చెట్లు కొట్టేసిన మోళ్లు దాని కిందే ఉంటాయి, ఏటవాలుగా కోసి ఉంటాయి, మొన పైకి ఉంటుంది. గాలి దించిన టైరుకి గోడ బయటకి ఉబ్బి ఉంటుంది కదా, మోడు గుచ్చుకునేది సరిగ్గా అక్కడే, గోడ చిరిగితే ఏ పంక్చర్ షాపు వాడూ ప్యాచ్ వెయ్యలేడు. అందుకే తోటలో ఒకరు ముందు కర్రతో సరుగుని కదుపుతూ నడవాలి, మీ పెద్ద పిల్లాడికి ఈ పని ఇవ్వండి, హుషారుగా చేస్తాడు. ట్రాక్టర్లు తిరిగిన బాటలో రెండు గాళ్ల మధ్య దిబ్బ ఎత్తుగా ఉంటుంది, అది మీ ఇంజన్ కింద ఉండే ఆయిల్ సంప్‌కి తగులుతుంది, ఒక పక్క చక్రాలు దిబ్బ మీద పెట్టుకుని ఇంకో పక్క చక్రాలు గాడి బయట పెట్టుకుని నడపండి.

నడిపేటప్పుడు సెకండ్ గేర్, ఒకే ఊపు, మధ్యలో గేర్ మార్చొద్దు, బ్రేక్ తొక్కొద్దు. ఆగాలంటే యాక్సిలరేటర్ వదిలేస్తే ఇసుకే ఆపుతుంది, బ్రేక్ తొక్కితే చక్రాల ముందు ఇసుక కుప్ప పడి మళ్లీ కదిలేటప్పుడు అదే అడ్డం. ఆపేది ఎప్పుడూ పల్లం వైపు ముఖం పెట్టి.

ప్రశ్న: సార్, మేము గాజువాక నుంచి ఈకోలో అప్పికొండ వెళ్లాం, ఇసుకలో వెనక చక్రాలు దిగిపోయాయి. మావారు ఎంత రేజ్ చేస్తే అంత లోపలికి పోయింది, క్లచ్ కాలిన వాసన. చివరికి ఊరి కుర్రాళ్లు వచ్చి తోశారు. అప్పుడు మేము ఏం చేసి ఉండాల్సింది?

జవాబు: అమ్మా, చక్రం ఒక్కసారి ఉత్తినే గిర్రున తిరిగిందంటే అక్కడితో కాలు తీసెయ్యాలి. తిరిగే చక్రం తన కింద గొయ్యి తనే తవ్వుకుంటుంది, ఇంకాసేపు తొక్కితే బండి పొట్ట ఇసుక మీద ఆనిపోతుంది, అలా ఆనాక చక్రాల మీద బరువే ఉండదు, పట్టు ఎక్కణ్నుంచి వస్తుంది. మామూలు డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) ఉన్న బండికి ఇంకో బాధ ఉంది, రెండు వెనక చక్రాల్లో ఏది తేలిగ్గా తిరుగుతుందో అదొక్కటే గిర్రున తిరుగుతూ ఉంటుంది, గట్టి నేల మీద ఉన్న చక్రం కదలకుండా ఉండిపోతుంది. హ్యాండ్ బ్రేక్ సగం లాగి పట్టుకుని మెల్లగా క్లచ్ వదిలితే ఆ తిరిగే చక్రం కాస్త బిగిసి రెండోదానికి బలం వెళ్లే అవకాశం ఉంది, మీ ఈకోకి హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలకే కాబట్టి ప్రయత్నించొచ్చు, ఒకటి రెండు సార్లు చాలు, పని చెయ్యకపోతే వదిలెయ్యండి.

అసలు పని పారది. అందరినీ దింపెయ్యండి, సామాను కూడా. బండి కింద పొట్టకి ఆనిన ఇసుక లాగెయ్యండి, తర్వాత నాలుగు చక్రాల దగ్గరా వెళ్లాలనుకున్న వైపు మెట్టులా కాకుండా ఏటవాలుగా బాట తవ్వండి, ముందు చక్రాలు మర్చిపోతారు చాలామంది, వాటి ముందు ఉన్న గోడే బండిని ఆపుతుంది. ఎప్పుడూ వచ్చిన జాడలోనే వెనక్కి రావడం మంచిది, అక్కడ ఇసుక ఆల్రెడీ నొక్కుకుని ఉంటుంది. గాలి అప్పటిదాకా దించకపోతే ఇప్పుడైనా దించండి, సగం సార్లు అదొక్కటే సరిపోతుంది.

చక్రం కింద పెట్టడానికి మన తీరంలో దొరికేవి మట్టలు, గోనె సంచులు. ముత్యాలమ్మపాలెం దగ్గర ఒక చేపల వ్యాన్ దిగబడితే అక్కడి పెద్దాయన ఒకాయన చేసిన పని దగ్గరుండి చూశాను. ముందు తాటి మట్టలు తెచ్చిన కుర్రాడిని వెనక్కి పంపేశాడు, తాటి మట్ట అంచుకి రంపం పళ్లుంటాయి కదా, టైరు గోడ కోసేస్తాయని. కొబ్బరి మట్టలు తెప్పించి, మొదలు నరికేసి, చక్రానికి అడ్డంగా ఒకదాని మీద ఒకటి సగం సగం ఎక్కేలా పరిచాడు, నిలువుగా వేస్తే చక్రం వాటిని వెనక్కి విసిరేస్తుందట. మొదటి మట్టని చేత్తో టైరు కిందకి దూర్చి, ఇంకా లోపలికి కాలితో తన్నాడు. తర్వాత డ్రైవర్‌ని ఒకే మాట అడిగాడు, ‘స్టీరింగ్ తిన్నగా ఉందా బాబూ’ అని, ఉంది అన్నాక కూడా తనే వంగి ముందు చక్రాలు చూసుకున్నాడు. వ్యాన్ ఒక్క ఊపులో వచ్చేసింది. ఇసుకలో స్టీరింగ్ వంకరగా ఉన్నా లోపల కూర్చున్న వాళ్లకి తెలియదు, చక్రాలు నాగలిలా ఇసుకని దున్నుతూ ఉంటాయి, అందుకే బయట మనిషి చూసి చెప్పాలి.

జాకీ పెట్టాలంటే కింద వెడల్పాటి చెక్క తప్పనిసరి, లేకపోతే బండి లేవదు, జాకీయే దిగుతుంది. ట్రాక్టర్‌తో లాగించేటప్పుడు తాడు బండికి ఇచ్చిన టో హుక్‌కే కట్టండి, బంపర్‌కి కాదు, ట్రాక్టర్ ఆయనకి జర్కులు ఇవ్వకుండా మెల్లగా లాగమని చెప్పండి, తాడు బిగిసి ఉన్నంతసేపూ పిల్లలు గానీ పెద్దలు గానీ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. తెగిన తాడు మనిషిని కొడితే ప్రాణం మీదకి వస్తుంది. తిరిగే చక్రం వెనక నిలబడి తోయడం కూడా వద్దు, మట్టలు, రాళ్లు ఎగిరొస్తాయి.

ప్రశ్న: అన్నా, నాది టాటా వింగర్, అది ముందు చక్రాల డ్రైవ్ కదా. టెంపో ట్రావెలర్ వాళ్లకి చెప్పేవి నాకూ వర్తిస్తాయా? – మధురవాడ

జవాబు: గాలి, బరువు, నడిచి చూడటం అన్నీ వర్తిస్తాయి తమ్ముడూ. తేడా ఎత్తు ఎక్కేటప్పుడు వస్తుంది, ఇసుక ఎత్తు ఎక్కుతుంటే బరువంతా వెనక్కి పోయి లాగే ముందు చక్రాలు తేలికైపోతాయి, క్యాంపర్ సామాను వెనకే ఉంటుంది కాబట్టి నీకు ఇంకా ఎక్కువ. చిన్న ఎత్తయితే రివర్స్‌లో ఎక్కించు, అప్పుడు ముందు చక్రాల మీదే బరువు పడుతుంది. పెద్ద ఎత్తయితే ఎక్కకు. బండికి ట్రాక్షన్ కంట్రోల్ స్విచ్ ఉంటే ఇసుకలో ఆపెయ్యి, చక్రం జారగానే అది ఇంజన్ పవర్ తగ్గించేస్తుంది, ఊపు పోతుంది. రోడ్డెక్కాక మళ్లీ వెయ్యడం మర్చిపోకు.

ప్రశ్న: వానాకాలంలో పాడేరు, లంబసింగి, వంజంగి వైపు క్యాంపర్‌లో వెళ్లాలని ఉంది. అక్కడ ఇసుక ఉండదు కదా, గాలి దించక్కర్లేదా? – సీతమ్మధార

జవాబు: రాళ్ల దారిలో కొంచెం దించితే కుదుపు తగ్గుతుంది, బండి లోపల చెక్క పనికి, స్క్రూలకి కూడా మంచిది, కానీ కొంచెమే, ఎక్కువ దించితే రాయికి రిమ్ము తగులుతుంది. తడిసిన ఎర్రమట్టిలో మాత్రం గాలి దించి లాభం తక్కువ, టైరు గీతల్లో బంకమట్టి నిండిపోయి చక్రం నున్నగా అయిపోతుంది. అక్కడ చేయగలిగిందల్లా ఆగడం, వాన వెలిసి ఎండ తగిలితే కొన్ని గంటల్లో పై పొర గట్టిపడుతుంది. పెద్ద రాయిని బండి పొట్ట కిందకి రానివ్వకుండా, ఒరిగిపోయే ఏటవాలు లేని చోట ఒక చక్రాన్ని దాని మీదకే మెల్లగా ఎక్కించండి. కాలవ గాడి దాటేటప్పుడు తిన్నగా వెళ్తే పొడుగాటి తోక నేలకి కొట్టుకుంటుంది, బాగా ఏటవాలుగా వెళ్తే ఎదురెదురు మూలల చక్రాలు గాల్లోకి లేచి లాగే చక్రం ఉత్తినే తిరుగుతుంది, రెండింటికీ మధ్యస్తంగా కాస్త కోణంలో పోవాలి. వెనక మెట్టు, వాడిన నీళ్ల పైపు, కుళాయి ఇవే ముందు విరిగేవి, బిగించేటప్పుడే పైకి మడిచి పెట్టించండి. ఘాట్ దిగేటప్పుడు ఏ గేర్లో ఎక్కుతారో ఆ గేర్లోనే దిగండి, బరువైన క్యాంపర్‌ని బ్రేకుల మీదే దింపితే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. వంజంగిలో పైదాకా బండి పోతుందా అని చూడకండి, కింద ఆపి నడిచి ఎక్కండి.

ప్రశ్న: భీమిలి రోడ్డులో ఎక్కడైనా నేరుగా బీచ్ ఇసుక మీదకి దింపి, అలల దగ్గర రాత్రంతా పడుకోవచ్చా? నీళ్ల దగ్గర ఇసుక గట్టిగానే ఉంటుంది కదా. – ఎంవీపీ కాలనీ

జవాబు: వద్దు. ఈ ఒక్కదానికి నా దగ్గర చిట్కా లేదు, చిట్కా ఉన్నా చెప్పను.

మొదట మీ బండి సంగతి. అల తడిపిన ఇసుక పైన గట్టిగా కనిపిస్తుంది, ఆపి ఉంచిన బండి కింద మాత్రం ప్రతి అలకీ కాస్త కాస్త కోసుకుపోతుంది. రోజుకి రెండు పోట్లు వస్తాయి, రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి, నిన్న ఈ టైముకి నీళ్లు అక్కడే ఉన్నాయి కదా అన్న లెక్క ఇవాళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా మీటరున్నర దాకా ఉంటుంది, చదునైన బీచ్‌లో అంత ఎత్తు నీళ్లంటే చాలా దూరం లోపలికి వచ్చేస్తాయి. అర్ధరాత్రి నిద్రలో చక్రాలు దిగబడితే పిలవడానికి ట్రాక్టర్ ఎక్కడ దొరుకుతుంది? భీమిలిలో గోస్తనీ కలిసే చోటు లాంటి మొగల దగ్గర ఇసుక ఇంకా నమ్మకూడనిది, కింద నీరు ఊరుతూ ఉంటుంది.

దీనికన్నా పెద్ద కారణం తాబేళ్లు. చలికాలం నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన వైజాగ్ తీరానికి రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి, అటవీ శాఖ వాళ్లు ఆ గుడ్లు ఏరి జోడుగుళ్లపాలెం లాంటి చోట్ల హేచరీలో పెట్టి పిల్లల్ని సముద్రంలో వదులుతారు. వాళ్లకి దొరకని గూళ్లు ఇసుక కిందే ఉంటాయి, పైకి ఏమీ తెలియదు, మీ చక్రం ఎక్కితే అయిపోయినట్టే. 45 నుంచి 60 రోజులకి బయటకొచ్చే పిల్ల మన అరచేతిలో సగం ఉంటుంది, టైరు వేసిన గాడిలో పడితే అది పైకెక్కలేక ఆ గాడి వెంటే పోతూ తెల్లారేసరికి కాకులకీ కుక్కలకీ దొరికిపోతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆలివ్ రిడ్లీ మొదటి షెడ్యూల్లో ఉంది, చట్టం సంగతి పక్కన పెట్టినా ఎన్నో వందల కిలోమీటర్లు ఈదుకుని మన ఒడ్డు వెతుక్కుంటూ వచ్చిన ప్రాణి మీదకి బండి ఎక్కించడానికి మనసు ఎలా ఒప్పుతుంది చెప్పండి. క్యాంపర్ లైట్లు కూడా వాటిని తప్పుదారి పట్టిస్తాయి, నక్షత్రాల వెలుగులో మెరిసే సముద్రం అనుకుని మీ బల్బు వైపు వస్తాయి.

రావణాసురుని మీసాలు అనే గడ్డి, అడుగడుగునా పాకిన ఊదాపూల తీగ కనిపించే ఇసుక దిబ్బలు కూడా తొక్కొద్దు, ఆ గడ్డి వేళ్లే దిబ్బని పట్టి ఉంచుతాయి, వేళ్లు తెగితే గాలికి ఇసుక ఊళ్లోకి వస్తుంది. ఎర్రమట్టి దిబ్బల్లోకి బండి దింపే వాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది, వేల ఏళ్లు పట్టి తయారైన జాతీయ భూవారసత్వ స్థలం అది, ఒక చక్రం జాడ వాన పడితే కాలవ అవుతుంది, కాలవ గోడని కోసేస్తుంది. రోడ్డు పక్కనే పార్కింగ్‌లో ఆపుకుని, లైట్లు తీసేసి పడుకోండి, అలల చప్పుడు అక్కడికీ వినిపిస్తుంది. ఊరి దగ్గర ఆగితే మత్స్యకారుల పెద్దలని ఒక మాట అడగండి, వలలు లాగే చోటు, పడవలు దింపే చోటు ఏదో వాళ్లు చూపిస్తారు, దానికి అడ్డం లేకుండా పెట్టుకోండి.

ప్రశ్న: సీట్లు తీసి మంచం పెట్టించాను, ఆర్‌సీలో ఏమైనా మార్చాలా?

జవాబు: మార్చాలి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం బండిలో అలాంటి మార్పు చేస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, మోటార్ క్యారవాన్లకి ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణాలున్నాయి. ఇప్పటికే చేయించేశారు కాబట్టి ఆలస్యం చెయ్యకుండా ఆర్టీవో ఆఫీసులో కాగితాలు తీసుకుని మాట్లాడండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది అదే.

ప్రశ్న: ఇసుకలోంచి వచ్చాక బండికి ఏం చెయ్యాలి? – పెదగంట్యాడ

జవాబు: అదే రోజు కింది భాగం మంచినీళ్లతో కడిగించండి, వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు చాసిస్ లోపలి సందులు, వెనక ఆకుల స్ప్రింగు మధ్యలు, బ్రేక్ డ్రమ్ముల దగ్గర ఎక్కువసేపు కొట్టమని చెప్పండి, ఉప్పు అక్కడే దాక్కుని తుప్పు పట్టిస్తుంది. మన ఊరు ఉప్పుగాలి ఊరు, మామూలు బండికే తుప్పు త్వరగా వస్తుంది. తర్వాత ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపించండి, హ్యాండ్ బ్రేక్ రెండుసార్లు లాగి వదిలి చూడండి, ఇసుక దూరితే గరగర మంటుంది, అప్పుడు డ్రమ్ము విప్పించాల్సిందే. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూసి, ఉంటే హైవే ఎక్కే ముందే తీసెయ్యండి, స్పీడులో అది ఎగిరి వెనక బండి అద్దానికి తగులుతుంది. వీల్ నట్లు ఒకసారి స్పానర్ పెట్టి బిగించుకోండి.